జిగురు పూత

మందుల ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన పూత మావయ్యే. నిజంగా మావయ్య అయ్యేది మాత్రం ల్యాబులో పనిచేసే మేనకోడలికే. ముప్పై ఏళ్లుగా మాత్రలకు పైపూత వేస్తున్నాడు. డ్రమ్ములో మాత్రలు దొర్లుతుంటే వాటి మీద ద్రావణం చిమ్మాలి, చాలినంత పట్టగానే ఆపాలి. తూకం చూసి ఆపాలని రూలు. ఈయనకు తూకమెందుకు? గలగల చప్పుడు కాస్త మొద్దుబారిందంటే చాలు, మీట నొక్కేస్తాడు. ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదన్న సంగతి రోజుకు నాలుగుసార్లు చెప్పుకోకపోతే ఆయనకు ముద్ద దిగదు.

ఆయన భార్యకు మూర్ఛ. పైపూత వల్ల గంటల తరబడి కొద్దికొద్దిగా కరిగే మాత్ర వేసుకోవాలి. అదీ ఈ ఫ్యాక్టరీదే, ఆయన చేతి పూతే. కానీ దాని మీద వేసే ప్లాస్టిక్ జాతి పూత ఆమెకు పడదు. వేసుకుంటే కడుపులో మంట, వాంతులు. మానేస్తే మూర్ఛ. గింజల నుంచి తీసిన జిగురుతో పూత వేసి చూద్దామని కంపెనీ అనగానే అందుకే ఎగిరి గంతేశాడు. "ఒక్క నెల ఓపిక పట్టవే" అని ఇంట్లో మాట కూడా ఇచ్చేశాడు.

మొదటి విడత వేసిన రోజు ఒకటే వాన. జిగురు తేమ పీల్చుకుని, పూత పలచగా ఉండగానే చప్పుడు మొద్దుబారింది. ఆయన చెవిని నమ్మి ఆపేశాడు.

ఎనిమిది గంటలు నిలవాల్సిన మాత్ర ల్యాబులో అరగంటకే కరిగిపోయింది. "జిగురు పనికిరాదని రాసేస్తున్నారు మావయ్యా" అంది మేనకోడలు. ఆయన పరుగున డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు. మిగిలిన మాత్రలు తూచి చూస్తే, పూత సగం కూడా లేదు.

సిగ్గు చంపుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"తప్పు జిగురుది కాదు సార్, నాది. తూచకుండా ఆపేశాను. ఇంకొక్కసారి వేయనివ్వండి."

"మీ చేయి తప్పడమేంటండీ! జిగురే ఊడి రాలిపోయుంటుంది. ఇంట్లో ఆవిడ కోసం నింద మీద వేసుకుంటున్నారు, నాకు తెలీదా?" అని మేనేజరు జాలిగా భుజం తట్టాడు. ఇన్నేళ్లూ తన గొప్ప తానే చాటుకున్నాడాయె, ఇప్పుడు కాదంటే ఎవరు వింటారు?

ఇంటికెళ్లేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"కొత్త మాత్ర వచ్చిందా?"

"ఆపేశారే."

"జిగురు మంచిది కాదా?"

అవునంటే పోయేది. నోరు రాలేదు. "మంచిదే. నేనే చెడగొట్టాను."

"ఊరుకోండి, మీ చేతిలో చెడిపోవడమేమిటి!" అంటూ ఆమె పాత మాత్ర మింగి, వాంతికి గిన్నె పక్కన పెట్టుకుని పడుకుంది.