అరవం పుస్తకంలో పుత్తూరు స్టేషను

నా చిన్నప్పుడు నాకు తెలియని సంగతంటూ ప్రపంచంలో ఏదీ లేదని గట్టి నమ్మకం. ఐదో తరగతి చదువుతున్నాను. క్లాసులో తడుముకోకుండా గడగడా చదివేది నేనే, మా వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేది నేనే. ఆ గర్వం ఎంతదాకా పోయిందంటే, మా నాయనకు చదువు రాదన్న విషయాన్ని నేనే కనిపెట్టి, నేనే తీర్మానించుకుని, నేనే సిగ్గుపడుతూ తిరిగాను. దాని గురించి ఆయనను ఒక్క మాటైనా అడగాలని తోచలేదు.

నాయన తాపీ మేస్త్రి. తిరుపతిలో అప్పట్లో కొండకు వచ్చేవాళ్ళ కోసం సత్రాలు, లాడ్జీలు ఒకదాని వెనక ఒకటి లేస్తుండేవి. ఆయన పొద్దున్నే తాపీ సంచిలో వేసుకుని పోతే సందేళకు వచ్చేవాడు. నేను బడి నుంచి ఏదైనా కాగితం తెస్తే చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, తిరిగి నాకే ఇచ్చి, "ఏమి రాసినారో సదువు పాపా" అనేవాడు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టమంటే ఏవో వంకర గీతలు గీసేవాడు. అందులో ఎంత వెతికినా ఒక్క అక్షరం నాకు దొరికేది కాదు. ఇక అనుమానం ఎందుకు? నాయనకు చదువు రాదు, వచ్చినట్టు గీతలు గీస్తున్నాడు. నా లెక్క అంతటితో తేలిపోయింది.

మా పేటలో ఒక చిన్న లైబ్రరీ ఉండేది. రెండు గదులు, ముందు ఒక వరండా. దాన్ని చూసుకునే ఆయనను అందరం లైబ్రరీ సారు అనేవాళ్ళం. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. లైబ్రరీ ఖాళీగా కనబడితే ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. అందుకని ఆదివారం వస్తే చాలు, ఏదో ఒకటి పెట్టేవాడు. పొద్దున పిల్లలకు కథలు. తర్వాత ముసలివాళ్ళకు పేపరు చదవడం. మధ్యాహ్నం ఆడవాళ్ళకు ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టడం, రాయడం నేర్చుకుంటామంటే పలకలిచ్చి కూర్చోబెట్టడం. ఉన్న పేపర్లు రెండో మూడో. వాటిని పేజీలుగా విడదీసి తలా ఒకటి పంచేవాడు. ఒక పేజీలో మొదలైన వార్త ఇంకో పేజీలో ముగిసేది కాబట్టి, "ఐదో పేజీ ఎవురి దగ్గరుండాదప్పా?" అని ఎవరో ఒకరు కేకేస్తూనే ఉండేవాళ్ళు. నిశ్శబ్దం అని గోడ మీద రాసి ఉండేది గానీ సారే దాన్ని పట్టించుకునేవాడు కాదు.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. ఎప్పుడూ వక్తృత్వం, వ్యాసరచన పోటీలు ఉండేవి, అవి నాకు కొట్టిన పిండి. ఆ ఏడాది సారు కొత్తగా ఇంకొకటి పెట్టాడు. ఇంటికి ఇద్దరు రావాలి, ఒక పెద్ద, ఒక పిల్ల. పెద్దవాళ్ళు ఒక కథ చదివి వినిపించాలి. పిల్లలు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. బాగా చేసిన ఇంటికి బొమ్మల పుస్తకం బహుమానం.

మా అమ్మ చంటితమ్ముణ్ణి వదిలి రాలేదు. ఇక మిగిలింది నాయన. నా పక్కన కూర్చునే అమ్మాయి నాయన గుమాస్తా, ఎదురింటి పిల్ల తాత రిటైరైన అయ్యవారు. వాళ్ళందరి ముందర మా నాయన లేచి నిలబడి పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే నేను ఆ బడిలో మళ్ళీ తలెత్తుకుని తిరగగలనా? రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి సారు దగ్గరికి పోయి, మా నాయనకు చదువు రాదు, మా ఇంటి తరఫున రెండూ నేనే చేస్తాను అని చెప్పాను. "ఎవురు సెప్పినారు నీకు?" అన్నాడు సారు. ఎవరూ చెప్పలేదు, నాకే తెలుసు అన్నాను. ఆయన పుస్తకాలు సర్దుకోవడంలో పడ్డాడు. సరే అన్నాడో కాదన్నాడో కూడా తెలియకుండా ఇంటికి వచ్చాను.

ఆ ఆదివారం నేను చెప్పకపోయినా నాయన వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, వరండాలో వెనగ్గా కూర్చున్నాడు. ఆయనకు ఎవరు చెప్పారో అర్థం కాలేదు. ఒక్కొక్క ఇంటివాళ్ళూ లేచి చదువుతున్నారు. మా వంతు వచ్చేసరికి సారు నా వైపు చూడనైనా చూడలేదు. నేరుగా నాయన దగ్గరికి పోయి ఒక పత్రిక చేతిలో పెట్టి, "పిల్లోళ్ళకు తెలిసేమాదిరి తెలుగులో సెప్పప్పా" అన్నాడు.

అది అరవం పత్రిక. తిరుపతికి తమిళనాడు దగ్గరే కాబట్టి లైబ్రరీకి ఒకటి రెండు అరవం వారపత్రికలు కూడా వచ్చేవి. బస్సుల మీద రోజూ చూస్తాను కదా, ఆ అక్షరాలు ఏ భాషవో నాకు తెలుసు. తెలుగే చదవలేని మనిషి చేతిలో అరవం పత్రిక పెట్టడమేమిటి? సారుకు మతి పోయిందా, లేకపోతే మా నాయనతో పరాచికాలాడుతున్నాడా?

నాయన పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టాడు. సున్నానికి పగిలిన వేలు. చెప్పడం మొదలుపెట్టాడు. ఒక ముసలామె కూతురి కోసం ఇంత పెద్ద గుమ్మడికాయ తీసుకుని రైలెక్కింది. దారిలో దాహమై నీళ్ళు తాగడానికి పుత్తూరు స్టేషనులో దిగింది. కొళాయి దగ్గర ఎవరితోనో మాటల్లో పడింది. రైలు వెళ్ళిపోయింది, గుమ్మడికాయ మాత్రం టిక్కెట్టు లేకుండా ముందుకు పోతోంది. పుత్తూరు అనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికీ తెలిసిన ఊరే కదా.

నాకు మాత్రం తల తిరిగిపోయింది. ఆయన వేలు ఆ అరవం అక్షరాల మీద కదులుతోంది, నోట్లోంచి తెలుగు వస్తోంది. అక్షరాలు ఒక భాషవైతే మాటలు ఇంకో భాషవి ఎలా అవుతాయి? నేను చదివేటప్పుడు పేజీలో ఉన్నదే నోటికొస్తుంది. పైగా అరవంవాళ్ళ పత్రికలో మన పుత్తూరు ఎందుకుంటుంది? తర్వాత రేణిగుంట కూడా వచ్చింది. రేణిగుంట స్టేషను మాస్టరు గుమ్మడికాయ దగ్గర నిలబడి దాని ఊరూ పేరూ రాసుకోవాలా వద్దా అని తెగ తన్నుకులాడుతున్నాడట. జనం పడీ పడీ నవ్వుతున్నారు. వాళ్ళు నవ్వేకొద్దీ నాకు భయం పెరిగిపోయింది. ఇదంతా అబద్ధమని ఎవరైనా కనిపెడితే? గుమాస్తా గారు లేచి పత్రిక లాక్కుని చూస్తే? ఇంకొకరు కనిపెట్టేలోపల నేనే చెప్పేస్తే కనీసం నేను ఆ మోసంలో లేనని తెలుస్తుందనుకున్నాను. పదేళ్ళ బుర్రకు అంతకన్నా మంచి ఉపాయం తట్టలేదు.

లేచి నిలబడి అరిచాను. "అబద్ధం! మా నాయనకు సదువే రాదు. అది అరవం పుస్తకం. దాంట్లో పుత్తూరు యాడుంటాది? అంతా కల్పించి సెప్తా ఉండాడు."

నవ్వులు ఆగిపోయాయి. నాయన నా వైపు చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. ఏదో పట్టుబడ్డ పిల్లవాడిలా చూశాడు. పత్రిక మూసి, ముందున్న బల్ల మీద పెట్టి, మెట్ల దగ్గరికి పోయి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు, నేనేదో పెద్ద తప్పు చేశానని. ఏం తప్పు చేశానో మాత్రం తెలియలేదు.

సారు నన్ను కసురుకోలేదు. నాయనను ఆగమని కూడా అనలేదు. పత్రిక తీసి, ఏమీ జరగనట్టే, "కథ నడిమధ్యలో నిలిచిపాయ. మిగిలింది ఎవురన్నా సదవతారా?" అని అడిగాడు. మా వీధి చివర ఇడ్లీలు అమ్మే అవ్వ ముందుకొచ్చింది. ఆమెది అరవదేశమే, తెలుగు వచ్చీరాని మాటలు. కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీ నుంచే అరవంలో గట్టిగా చదవసాగింది. అరవం తెలిసినవాళ్ళు నవ్వారు. తెలియనివాళ్ళు వాళ్ళ ముఖాలు చూశారు. గుమ్మడికాయ ఏమైందో తెలియక పిల్లలు ఒకటే గోల.

గుమాస్తా గారే మెట్ల వైపు తిరిగి కేకేశాడు. "మేస్త్రీ, ఆయమ్మ ఏమంటా ఉండాదప్పా? రవ్వంత సెప్పు."

నాయన ఒక కాలికి చెప్పు వేసుకుని ఉన్నాడు. రెండోది ఎదురుగా ఉంది. ఆ రెండో చెప్పు కూడా వేసుకుంటే వెళ్ళిపోతాడని నాకు తెలుసు. ఆయన తల ఎత్తకుండానే అవ్వ చదివిన ముక్క తెలుగులో చెప్పాడు. అవ్వ ఇంకో ముక్క చదివింది. నాయన దాన్నీ చెప్పాడు. అరవం తెలిసినవాళ్ళు ముందు నవ్వుతున్నారు, మిగతావాళ్ళు కాసేపాగి నవ్వుతున్నారు. నేను నవ్వకూడదని పళ్ళు బిగించుకుని కూడా ఆ రెండో జట్టుతో కలిసి నవ్వేశాను. ఒకచోట అవ్వ చదివింది మూడే మాటలు, నాయన చెప్పింది మాత్రం చాలా పొడుగు. అవ్వ కళ్ళజోడు పైనుంచి ఆయన వైపు ఒక చూపు చూసి, "సరి, సరి" అనుకుంటూ మళ్ళీ పేజీలోకి దిగింది. గుమ్మడికాయ కూతురింటికి చేరింది, కూతురు సగం కోసి వండుకుని, మిగతా సగం అదే రైల్లో తల్లికి తిరిగి పంపింది. కథ అయిపోయేసరికి నాయన చెప్పు విడిచి వరండాలోకి వచ్చేశాడు. ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు.

బహుమానం ఎదురింటివాళ్ళకు పోయింది. అందరూ వెళ్ళాక సారు నన్ను పిలిచి, లైబ్రరీకి వచ్చినవాళ్ళు సంతకం పెట్టే రిజిస్టరు తెరిచాడు. ప్రతి శనివారం కిందా ఆ వంకర గీతలు. మా నాయన గీతలు. అరవంలో ఆయన పేరు. పేజీ తిప్పితే మళ్ళీ అదే. ఏడాది పొడుగునా పని దిగి వచ్చి, చీకటి పడేదాకా అరవం పత్రికలు చదువుకుని పోతుండేవాడట. చిన్నతనంలో నగరి అవతల, సరిహద్దు దాటి మేనమామ ఇంట్లో పెరిగాడు. అక్కడి బడిలో నేర్పింది అరవమే. మాట తెలుగు, చదువు అరవం. తిరుపతికి వచ్చిన కొత్తలో పనిచోట అందరూ అరవోడా అని ఏడిపిస్తే, ఆ సంగతి మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇదంతా సారు చెబుతుంటే రిజిస్టరులో గీతలన్నీ నా కళ్ళకు అలుక్కుపోయాయి.

ఇంటికి పోయే దారిలో నాయన నా చేయి పట్టుకున్నాడు. తిడతాడేమోనని చూశాను. దెబ్బ పడినా బాగుండేది. చాలా దూరం నడిచాక ఆయనే అన్నాడు. "నువ్వు సెప్పింది సగం నిజమే పాపా. పుత్తూరు దాంట్లో లేదు. పిల్లోళ్ళకు తెలిసిన ఊరైతే బాగుంటాదని నేనే పెట్నాను." రేణిగుంట కూడానా అని అడిగాను. అవునన్నాడు. ఇంకా ఏమేం కలిపావని అడిగాను. నవ్వి, "అది సెప్పను. అచ్చరాలు నేర్పిస్తా, నువ్వే సదువుకో" అన్నాడు. నాకు మళ్ళీ అంతా గందరగోళమైపోయింది. ఆయనకు చదువు రాదన్నది అబద్ధం. కల్పించి చెబుతున్నాడన్నది నిజం. మరి నేను అరిచింది తప్పా, ఒప్పా?

ఆ ఎండాకాలంలో అరవం అక్షరాలు నేర్చుకున్నాను. ఆయన నేర్పాడు, నేను ఆయనకు తెలుగువి నేర్పాను. నాకు చదవడం వచ్చేసరికి ఆ పత్రిక పాతకాగితాల్లో కలిసిపోయింది. కాబట్టి ఆ కథలో ఏది రాసినాయనదో ఏది మా నాయనదో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినంతలో రేణిగుంట స్టేషను మాస్టరు మా నాయన కల్పించినవాడే.

ఇప్పుడు మా పేట లైబ్రరీలో వేసవి శిబిరాలు పెడుతున్నారు, మా ఈడువాళ్ళకు ఫోను వాడడం నేర్పిస్తున్నారు, నేనూ పోతున్నాను. ఎవరైనా నాకు తెలియని మాట చెబితే అది తప్పని వెంటనే నోటిదాకా వస్తుంది, ఆ అలవాటు పోలేదు. కానీ పెదవి దాటనివ్వను. ముందు అడుగుతాను. ఆ ఒక్క బుద్ధి ఆ రోజే వచ్చింది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ రోజు నాయనను క్షమించమని అడగాలని ఇల్లు చేరేదాకా అనుకుంటూనే నడిచాను. గడపలోకి వచ్చేశాం, అమ్మ ఎదురొచ్చింది, రేపు అడుగుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత మా నాయన నలభై ఏళ్ళు బతికాడు, అందులో చాలా ఏళ్ళు నా ఇంట్లోనే ఉన్నాడు. రోజూ పొద్దున పేపరు నేను చదివి ఆయనకు ఇచ్చేదాన్ని. ఆ మాట మాత్రం అడగలేదు.