పా లేని స్కేలు

అమ్మ చనిపోయిన ఏడాది మా ఇంట్లో పాట లేదు. అంతకుముందు ఆమె పోపు వేస్తూ కూడా పాడేది. నాయన అంగడి నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా తొడ మీద తాళం వేసేవాడు. పాండిచ్చేరి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి ఆయనది. తాళం కూడా బిందె మీద వేసినట్టే గట్టిగా ఉండేది. ఆమె పోయాక మా రేడియో గుడ్డ కప్పుకుని మూల కూర్చుంది. ఎవరు ఏ రాగం ఎత్తుకున్నా అందులో అమ్మ కనబడుతుందని ఆయన బాధ. నాకేమో పాట లేకపోతే పిచ్చి పట్టేట్టుండేది. డెబ్బైల చివర అది. నాకు పద్నాలుగేళ్ళు.

కాలువ అవతల, సముద్రం వైపు వీధుల్లో, పిల్లలకు పియానో నేర్పే ముసలావిడ ఒకరుండేవారు. అందరికీ ఆమె మదామ్. నేర్చుకుంటానని అడిగితే, దొరల సంగీతమే కదా, మన వాసన ఉండదులే అని నాయన ఒప్పుకున్నాడు. మేమిద్దరం ఎంత తెలివైనవాళ్ళమో మొదటి వారంలోనే తేలింది. మదామ్ తెల్లమెట్లు వరసగా వాయించమంది. అది వాళ్ళకు సి మేజరు, మనకు శంకరాభరణం. అమ్మ రోజూ గొంతు సవరించుకునే రాగం. ఆ రాత్రి వడ్డిస్తూ నాకు తెలియకుండానే ఆ వరస కూనిరాగం తీశాను. నాయన కలిపిన అన్నం కంచంలోనే వదిలేసి లేచిపోయాడు. తిట్టినా బాగుండేది.

నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. మర్నాడు మదామ్ దగ్గరికి వెళ్ళి, ఇక రానని చెప్పి, ఎందుకో కూడా చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. పియానో ముందు కూర్చుని ఒక స్కేలు, అంటే ఒక స్వరాల వరస, వాయించింది. ఇది ఎవరి నోటా పుట్టింది కాదని, ఎవరో కాగితం ముందేసుకుని కావాలని తయారుచేసిందని, ఫ్రెంచి కలిసిన తమిళంలో చెప్పింది. ఇందులో మీ అమ్మ ఉండదు, మీ నాయనకు భయం లేదు అంది.

అమ్మ కాదు కదా, ఎవరూ కాపురం చెయ్యలేరు దాంట్లో. మొదట ఒక ఇరుకు మెట్టు, వెంటనే ఒక గంతు, తర్వాత సమానంగా మూడు అంగలు, చివర మళ్ళీ రెండు ఇరుకు మెట్లు. మూడో స్వరానికే బొటనవేలు చూపుడువేలి కిందుగా దూరాలి. నా బొటనవేలు కొత్తకోడలిలా అక్కడే ఆగిపోయేది. ఉప్పుగాలికి ఒక నల్లమెట్టు దిగితే లేచేది కాదు, దాన్ని గోటితో లేపుతూ సాధన చేసేదాన్ని. ఇంట్లో మాత్రం నోరెత్తకుండా గచ్చు మీద వేళ్ళు ఆడించుకునేదాన్ని. నాలుగు నెలలు అదొక్కటే. ఆ దిక్కులేని స్కేలు మీద చివరికి నాకు ప్రేమ పుట్టింది.

ఒక సాయంత్రం కుండపోతగా వాన. నాయన గొడుగు తీసుకుని నా కోసం వచ్చాడు. ఆయన్ని చూసి చేతులు తీసేశాను. మదామ్ వాయించమని సైగ చేసింది. ఎక్కడ వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడో అని ఓరకంట చూస్తూ, కిందనుంచి పైదాకా వాయించాను.

ఆయన వెళ్ళలేదు. నీళ్ళోడే గొడుగుతో గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పా యాడమ్మా?" అన్నాడు.

"ఇందులో పా లేదు నాయనా."

"పా లేకుండా ఎట్ల? ఇంకోసారి వాయించు."

మళ్ళీ మొదలుపెట్టాను. స, రి, గ, మ. నా వేలు పా మెట్టును దాటి నల్లమెట్టు మీదికి పోబోతుంటే గుమ్మంలోంచి పా వినబడింది. నాయన గొంతు. ఏడాదిగా అంగట్లో బేరాలు తప్ప ఏమీ పలకని గొంతు. అమ్మ లేని స్కేలు కావాలని నేనింత అవస్థపడితే, ఆయనకు ఆ ఖాళీలోనే అమ్మ దొరికింది. నాకు ఏడుపు ఆగలేదు.

మూడోసారి ఆ చోట కాస్త ఆగి ఆయనకు దారిచ్చాను. పా కొంచెం కిందికి పలికాడు. అమ్మైతే సరిగ్గా పలికేదాకా వదిలేది కాదు. నేను ఆయన పలికిందే పా అనుకుని పైమెట్టుకు పోయాను.