గుడిని చర్చి అనుకున్న నావికుడు

2022లో నేను అమెరికాలోని షాంటిలీ దగ్గర ఒక పబ్లిక్ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్‌లో ఉండేదాన్ని, ఇప్పుడూ అక్కడే. ఏ విషయానికి ఏ పుస్తకం చూడాలో చెప్పే బల్ల అది. నాకు చరిత్రలో డిగ్రీ లేదు. పుస్తకాలు సర్దుతూ సర్దుతూ చదువుకున్నదే నా చదువు. సముద్రయాత్రల అల్మరా మాత్రం దాదాపు మొత్తం చదివేశానని గర్వంగానే చెప్పుకుంటాను.

ఒక బుధవారం పదో తరగతి చదివే సాహితి వచ్చి, నేనిచ్చిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆంటీ, ఈ గయ్ టోటల్ లయర్. వేరే బుక్ ఇవ్వండి."

పోర్చుగల్ నుంచి కేరళ తీరానికి వచ్చిన తొలి నౌకల్లోని ఒక నావికుడి డైరీ అది. అలా స్వయంగా చూసినవాడు రాసినదాన్ని ప్రైమరీ సోర్స్ అంటారు. అతనూ తోటివాళ్లూ ఒక గుడిలోకి వెళ్లి, చర్చి అనుకుని ప్రార్థన చేశారు. గోడల మీది దేవతలను సెయింట్లు అనుకున్నారు. అతను అబద్ధాలకోరని సాహితి రాసిస్తే, ఎందుకలా అనుకున్నాడో రాయమని టీచర్ పేపరు తిప్పి పంపారు. శుక్రవారంలోగా ఇవ్వకపోతే వచ్చే ఏడాది ఆనర్స్ హిస్టరీ అనే పై స్థాయి క్లాసులో సీటు రాదు.

"ఫోర్ హ్యాండ్స్ ఉన్నాయి ఆంటీ! అది చూసి చర్చి అనుకుంటారా? హౌ?"

చెప్పడానికి పుస్తకాలు చాలా ఉన్నాయి. నాకు గుర్తొచ్చింది మాత్రం వేరే.

"ఈ దేశం వచ్చిన కొత్తలో నేనేం చేశానో తెలుసా? తెల్ల స్తంభాల బిల్డింగ్, పెద్ద పార్కింగ్, గుమ్మం నిండా పూలు, సూట్లేసుకున్న జనం. ఫంక్షన్ హాల్ అనుకుని లోపలికెళ్లి, మా పాప ఫస్ట్ బర్త్‌డేకి బుక్ చేయాలి, ఖాళీ ఉందా అని అడిగా."

"దెన్?"

"అది ఫ్యునరల్ హోమ్, అంత్యక్రియలు జరిపే చోటు."

సాహితి నవ్వుకి చదువుకుంటున్నవాళ్లంతా తిరిగి చూశారు. "నో వే! బోర్డ్ చూడలేదా ఆంటీ?"

"చూశా. కానీ నెల రోజులుగా హాల్ కోసమే వెతుకుతున్నా కదమ్మా. ఏది చూసినా హాల్‌లానే ఉంది."

నవ్వు ఆగింది. "అంటే... వీళ్లు క్రిస్టియన్స్ కోసం వెతుకుతూ వచ్చారా?"

"మిరియాల కోసం, క్రైస్తవుల కోసం. ఇండియాలో ఉన్నారని విని మరీ బయల్దేరారు."

పుస్తకం మళ్లీ తీసుకుని, లైబ్రరీ మూసేదాకా కూర్చుంది. శుక్రవారం బడి అయిపోగానే పేపరు కాపీ తెచ్చి చూపించింది. సోర్సుల జాబితాలో నావికుడి డైరీ కింద నా పేరుంది.

"ఇదేంటే?"

"మీరూ ఐ విట్‌నెస్సే కదా ఆంటీ!"

సీటు వచ్చింది. అంతకుముందు ఇలాంటి పుస్తకాలు ఇచ్చేటప్పుడు, కళ్లారా చూసి రాశాడు, నమ్మొచ్చు అనేదాన్ని. ఇప్పుడు, ఇతను ఏం వెతుక్కుంటూ బయల్దేరాడో ముందు చూడండి అని చెప్పి చేతికిస్తున్నాను.