జమ్మి చెట్టు మీద బదనిక

పాలు పిండడం అయ్యేసరికి ఏడున్నర. గొడ్డలిని గోనెసంచిలో చుట్టుకొని కిషన్‌బాగ్ నుంచి బయలుదేరాను. ముందురోజు జల్‌పల్లి నుంచి వదిన ఫోన్ చేసింది. "చెట్టుకు ఆకు లేదు తమ్మీ. ఒకపారి వచ్చి చూడు."

సంతోష్‌నగర్‌లో బస్సు దిగేసరికి తొమ్మిదయింది. చాయ్ తాగి షేర్ ఆటో ఎక్కాను. ఈ దారిన వెళ్లేవాళ్లు డ్రైవర్ పక్కన కూర్చోకండి, సగం ఒళ్లు బయటే ఉంటుంది. వెనక సీట్లో నా పక్కనున్న పెద్దామె సంచి వంక చూసి, "ఏంది బిడ్డా, గొడ్డలా?" అంది.

"చెట్టు చూడనీకె పోతున్న."

"చూడనీకె గొడ్డలెందుకు?"

నేను సంచిని కాళ్ల కిందికి తోసుకున్నాను.

అన్న జల్‌పల్లిలో ప్లాటు కొన్నప్పటికే మూలన జమ్మి ఉంది. మేస్త్రీ కొట్టేద్దామంటే ఒప్పుకోక, ప్రహరీ గోడనే వంకర తిప్పించాడు. దసరాకు గల్లీ అంతా ఆ చెట్టు ఆకే తెంపుకునేది. అన్న చనిపోయిన ఏడాది, చలికాలంలో దానికి ఎర్రటి పూలు గుత్తిగా పూశాయి. జమ్మి పువ్వు సన్నగా, పసుపుగా ఉంటుంది. ఇది బదనిక అని చూడగానే తెలిసింది నాకు. పిట్టలు కొమ్మకు రుద్దిన గింజ మొలిచి, చెట్టు లోపలికి వేరు దింపి దాని నీళ్లే తాగుతుంది. అప్పటికి ఒక్క కొమ్మ నరికితే సరిపోయేది. కానీ వదిన ఆ కొమ్మకు బొట్టు పెట్టి నా వైపు చూసింది. "అన్ననే పువ్వై వచ్చిండు వదినా" అన్నాను. అన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

తర్వాత ప్రతి చలికాలం గుత్తులు పెరిగాయి. చెప్పాలని పోయి, అన్నం తిని వచ్చేవాణ్ణి.

పది దాటాక ఇల్లు చేరాను. బదనిక ఒక్కటే ఇంకా పచ్చగా, నిండా పూలతో ఉంది. గోరుతో జమ్మి బెరడు గీకి చూశాను. ఎక్కడా పచ్చి లేదు.

"బతుకుతదా?" అంది వదిన.

"బతకదు. ఆ పూలు జమ్మివి కావు వదినా, బదనికవి. అదే తిన్నది చెట్టును."

"నీకెప్పుడు ఎరుకైంది?"

"మొదటి దినమే."

ఆమె వంకర గోడ మీద చెయ్యి ఆనించింది. "దవాఖాన్ల గూడ గిట్లనే అన్నవ్. అన్న మంచిగైతడు, ఫికర్ చెయ్యకు అని."

నేను సంచి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు ముట్టకు. మనిషిని పిలిపించుకుంట."

పదకొండున్నరకు ఆటో దొరికింది. గొడ్డలి విప్పకుండానే వెనక్కి తెచ్చాను. ఆ ఇంట్లో అన్నం తినకుండా నేనెన్నడూ వెనుదిరగలేదు. ఈసారి వదిన తినమనలేదు. జల్‌పల్లి పెద్ద దూరం కాదు, పోయి రావడానికి ఒక పూట చాలు. మళ్లీ ఏ ముఖంతో పోవాలో తెలియలేదు.