నీళ్ల కింది గాట్లు

నా చిన్నప్పుడు శాలిబండలోని మా ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేది మా బాపు, ఎక్కువ మాట్లాడేది నేను. రెండో సంగతి ఇప్పటికీ మారలేదు. మొదటిది నిజమో కాదో చెప్పడానికి ఇప్పుడు బాపు లేడు.

ఆయన భూమిని కొలిచే సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్ల దగ్గర భూమ్యాకర్షణను కొలిచే మీటర్ ఒకటి ఉండేది. అందులో సన్నటి స్ప్రింగు. కింద భూమి ఎంత గట్టిగా లాగితే అది అంత సాగుతుంది. కుదుపు తగిలితే రీడింగు పాడవుతుందని, జీపులో దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడట. దసరా దాటగానే గుట్టలకు వెళ్తే, ఎండలు ముదిరేదాకా వచ్చేవాడు కాదు. వారానికో కార్డు రాసేవాడు. అందులో రెండే ముక్కలు: నేను బాగున్న. మీరు పైలం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆయన ఇల్లు చేరిన రెండో రోజే లొల్లి మొదలుపెట్టాను.

"మీటర్‌ను ఒళ్లో పెట్టుకుంటవు గానీ, నేను యాదికొస్తనా నీకు? రెండు ముక్కలు రాస్తే అయిపాయెనా?"

"నోరు గాదది, అంగడి!" అని అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

బాపు సంచిలోంచి రెండు చెక్కముక్కలు తీశాడు, ఒకటి పలచన, ఒకటి మందం. క్యాంపులో పడి ఉన్న పాత దూలం నుంచి కోసినవి. గంగాళంలో నీళ్ల మీద వదిలాడు.

"ఏది ఎక్కువ పైకి తేలింది బిడ్డా?"

"మందంది."

"ఏది ఎక్కువ మునిగింది?"

వంగి చూశాను. అదీ మందందే.

కొండలూ ఇంతే అన్నాడు. మనం నిలబడ్డ రాతిపొర, కింద ఉన్న ఇంకా బరువైన పొర మీద తేలుతున్నట్టే ఉంటుందట. కొండ ఎంత ఎత్తుంటే దాని అడుగు అంత లోతుకు దిగుతుంది, పొర అక్కడ అంత మందం. అలాగే తూకం కుదురుతుంది.

"తవ్వి చూసినవా?" అన్నాను. నేనూరుకుంటానా!

"తవ్వుడెందుకు? మీటర్ చెప్తది. గుట్ట రాయినంతా లెక్కల వేస్తే లాగుడు మస్తుండాలె. అంత రాదు, తక్కువొస్తది. కొత్తోళ్లు మీటర్ ఖరాబైందంటరు. ఖరాబు గాదు. బరువు రాయి ఉండాల్సిన జాగల తేలిక రాయి దిగి కూసుంది. ఎంత తక్కువొస్తే అడుగు అంత లోతున్నట్టు."

"గదంతా నాకెందుకు? కార్డు సంగతి చెప్పు."

బాపు పలచటి చెక్కను వేలితో ముంచి వదిలాడు. ఉక్రోషంతో మందపు చెక్కను నీళ్లలోంచి లాగేశాను. తిరగేస్తే మునిగిన భాగమంతా గాట్లు, కత్తితో ఒక్కొక్కటిగా పెట్టినవి. వేలితో లెక్కపెడుతూ పోయాను, వంద దాటినా అయిపోలేదు.

"దినానికొకటి," అన్నాడు బాపు. అంతే.

ఆ గాట్లను మళ్లీ మొదటి నుంచి చివరిదాకా లెక్కపెట్టాను.

బాపు పోయి రెండేళ్లయింది. ఇంకెన్నాళ్లే, తేరుకోరాదూ అంటారు చుట్టాలు. నాలో ఏదో ఖరాబైందనుకుంటారు కాబోలు. కూరగాయల బండి దగ్గర కూడా వాదన వదలని నేను, ఈ ఒక్కదాని మీద ఎవరితోనూ వాదించను. తక్కువ మాట్లాడేవాళ్లను తొందరపడి తూచను కూడా.

ఆ చెక్క నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు బకెట్‌లో వదులుతాను. పైకి కనిపించేది కొంచెమే. చెయ్యి నీళ్లలో ముంచి అడుగు తడుముతాను. గాట్లు అరిగాయి గానీ, వేలికి ఇంకా తగులుతాయి.