దండ లేని ఫొటో

సున్నుండలు చుట్టేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ఏడో ఉండ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.

నాన్న వైటూకే కంప్యూటర్ పనికని మమ్మల్ని ఆస్ట్రేలియాలోని వెర్రిబీ తీసుకొచ్చేనాటికి నాకు ఆరేళ్లు. పక్కింటి జాక్ తాత హాల్లో ఒక ఫొటో ఉండేది. యుద్ధకాలపు పెద్ద బాంబర్ విమానం ముందు ఏడుగురు కుర్రాళ్లు నవ్వుతూ నిలబడ్డారు, అందులో ఒకడు ఆయన. మా ఇంట్లో పోయినవాళ్ల ఫొటోలకి దండ వేసి బొట్టు పెడతారు. దీనికి అవేవీ లేవు. అందుకని అందరూ బతికే ఉన్నారనుకుని ఏడు సున్నుండలు పట్టుకెళ్లాను.

"వన్ ఫర్ యూ తాతా, సిక్స్ ఫర్ యువర్ ఫ్రెండ్స్" అన్నాను.

ఆయన ఫొటోకేసి కాసేపు చూసి, పెద్దగా నవ్వాడు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, వాడు చేసిన అల్లరి చెప్పి, వాడి ఉండలో సగం నాకిచ్చి సగం తను తిన్నాడు. నన్ను వెతుక్కుంటూ అమ్మ వచ్చేసరికి మా ఇద్దరి మూతులకీ మినపపిండే.

"ఏడూ మీరిద్దరే తినేశారా?" అంది అమ్మ.

ఆ మాట నేను తాతకి ఇంగ్లీషులో చెప్పాను. తాత తల అడ్డంగా ఊపాడు. "నో, లవ్. వుయ్ హ్యాడ్ కంపెనీ" అన్నాడు అమ్మతో.

జ్వరంతో ఆయన ఆస్పత్రిలో ఉండిపోయిన రోజు ఆ విమానం వెళ్లి, తిరిగి రాలేదని పెద్దయ్యాక తెలిసింది.

ఇప్పుడు తాత కూడా లేడు. ఫొటో మా హాల్లో ఉంది. దండ మాత్రం వెయ్యలేదు.