పంచె మీద సముద్రం

పోయిన నెల మా చింతామణి బజారులో కుర్రకారంతా కలిసి ఒక సాయంత్రం సరదా ఏర్పాటు చేశారు. తాము తీసిన చిన్న చిన్న సినిమాలను అంగడికొకటి చొప్పున వేసి చూపించడమట. ఫోన్లు బాగుచేసే అంగట్లో ఒకటి, దర్జీ అంగట్లో ఒకటి, బేకరీలో ఒకటి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయన్నా వినకుండా మా మనవరాలు నన్ను బేకరీ దాకా నడిపించుకుపోయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. బయట అప్పుడే మునిమాపు. బేకరీ అబ్బాయి టక్కున స్విచ్చు నొక్కేసరికి అంతా చీకటైంది. దీపాలు పెట్టే వేళకు అంగడి చీకటి చేశాడే అని నా ప్రాణం చివుక్కుమంది గానీ, ఆ మాట పైకి అంటే అక్కడున్న పిల్లల్లో ఒక్కరికీ అర్థం కాదని ఊరుకున్నాను. అంతలో గోడ మీదికి సముద్రం వచ్చింది. నా రెండు చేతులూ వాటంతటవే దండం పెట్టాయి. ఏమైంది అవ్వా అని మనవరాలు చెవిలో అడిగితే ఏం చెప్పను? అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. నా ఈడువాళ్ళు మీరున్నారు కనుక ఇప్పుడు తీరిగ్గా చెప్పుకుంటాను.

అవి రెండో యుద్ధం నాటి రోజులు. మా తాత గుడిలో అర్చకుడు. నాన్నకు మంత్రాలు వచ్చినా మనసు వ్యాపారం మీదికి పోయి, బజారులో పసుపు, కుంకుమ, కర్పూరం, టెంకాయలు అమ్మే అంగడి పెట్టాడు. తాత దేవుణ్ణి చూసుకుంటుంటే నాన్న ఆ దేవుడి ఖర్చులు చూసుకుంటున్నాడని మా చిన్నాన్న ఎగతాళి చేసేవాడు. మురుగమల్ల దర్గాకు పోయేవాళ్ళు కూడా ఊదుబత్తీలకు మా అంగడి ముందే బండ్లు ఆపేవారు. ఇప్పటికీ ఎక్కడైనా కర్పూరం వాసన తగిలితే నాకు గుడికన్నా ముందు ఆ అంగడే గుర్తుకొస్తుంది.

రోజూ పొద్దు వాలాక తాత గుడి దీపం నుంచి వత్తి వెలిగించి తెచ్చి, అంగట్లో దేవుడి పటం ముందున్న దీపం ముట్టించేవాడు. అంగడి పలకలు మూసే దాకా అది వెలుగుతూ ఉండవలసిందే. ఆ వేళకే లక్ష్మి వీధిలో తిరుగుతూ ఉంటుందని, చీకటి అంగడి గడప తొక్కదని మా బజారులో అందరి నమ్మకం. దీపాన్ని ఆర్పడం అనే మాట కూడా ఎవరి నోటా వచ్చేది కాదు. నూనె అయిపోయినా కొండెక్కిందనే అనేవారు. ఈ విషయంలో తాతకన్నా మా అవ్వ మరీ గట్టిది. ఇంట్లో కూర్చునే, సందు చివర నుంచి అంగడి దీపం కనబడుతోందా లేదా అని నన్ను పంపి చూపించుకునేది.

చాకవేలులో పుట్టి చింతామణిలో మెట్టిన మా అవ్వకు జీవితంలో తీరని ముచ్చట ఒక్కటే, సముద్రం. నాన్న పసివాడుగా ఉన్నప్పుడు జబ్బు చేసి ప్రాణం మీదికి వస్తే, బిడ్డ బతికితే రామేశ్వరం పోయి సముద్రస్నానం చేస్తానని మొక్కుకుందట. బిడ్డ బతికాడు, పెరిగాడు, పెళ్ళాడి నన్ను కన్నాడు గానీ మొక్కు మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఒక ఏడు కరువు, ఒక ఏడు ప్లేగు, ఏదీ లేని ఏడు తాత వదిలిపెట్టి రాలేని గుడి. నిత్యపూజ ఇంకొకరి చేతిలో పెట్టడం ఆయనకు ప్రాణం పోయినా ఇష్టం లేదు. ఈలోగా అవ్వ కాళ్ళు పట్టేశాయి. మొక్కు తీర్చకుండా తాను పోతే అది కొడుకు మెడకు చుట్టుకుంటుందని ఆమె దిగులు. ఆ దిగులు పైకి చెప్పుకోలేక, మద్రాసు నుంచి ఎవరు వచ్చినా సముద్రం ఎట్లుంటాది అని అడిగేది. మన చెరువు లాంటివి వెయ్యి కలిపితే ఎంతో అంత అని ఒకాయన చెబితే, అవ్వ, “చెరువుకు కట్ట ఉంటాది కదప్పా, దానికి ఆ పక్క కట్ట యాడుండాది?” అంది.

మా చిన్నాన్న బస్సులో టికెట్లు కోసేవాడు. ఊళ్ళ కబుర్లన్నీ మాకు ఆయన బస్సు మీదే దిగేవి. ఒకనాడు బాగేపల్లి నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, అక్కడికి బెంగళూరు నుంచి బొమ్మలాయన ఒకడు వ్యానులో వచ్చాడని, పొట్టి పొట్టి రీళ్ళు తెచ్చి కదిలే బొమ్మలు ఊరికే చూపిస్తున్నాడని, వాటిలో ఒకటి సముద్రమని, రేపు చింతామణికే వస్తాడని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఆ పూట అవ్వ చేతిలో చారుకు ఉప్పు రెండుసార్లు పడింది. తాతతో సహా ఎవరమూ పల్లెత్తు మాట అనకుండా తిని లేచాం.

బొమ్మలాయన సంత మైదానంలో తెర కట్టాలనుకున్నాడు. మైదానమైతే అవ్వకు దక్కేది కాదు, ఎందుకంటే మా ఇంటి ఆడవాళ్ళు గుంపుల్లోకి పోవడం తాతకు గిట్టదు. కానీ మర్నాడు మధ్యాహ్నం నుంచి తుంపర పట్టుకుని వదల్లేదు. మైదానం బురదైపోయింది. చిన్నాన్న బజారులో అటూ ఇటూ పరుగెత్తి, అంగడికొక రీలు చొప్పున లోపలే వేయించడానికి అందరినీ ఒప్పించాడు. సముద్రం రీలు మా అంగడికని ముందే మాట తీసుకున్నాడు. సొంత అంగట్లో కూర్చోవడానికి తాత అయినా ఏమంటాడు? అవ్వ పట్టుచీర కట్టుకుంది. సినిమాకు పట్టుచీర ఏమిటి అత్తా అని పక్కింటావిడ అడిగితే, సముద్రుని దగ్గరికి నూలుచీరలో పోతారా అంది.

ఆ సాయంత్రం మా బజారు సందడి ఏమని చెప్పను! వ్యాను అంగడంగడికీ కదులుతుంటే జనం గోనెపట్టాలు నెత్తిన కప్పుకుని దాని వెనకే కదిలారు. కాఫీ హోటల్లో దీపాన్ని వంటింట్లోకి చేర్చి తెర కట్టారు. తీరా చూస్తే అక్కడ పడిన రీలు టీ కాచుకునే విధానం. తన గోడ మీద టీ గొప్పలు చూసి హోటలాయన మొహం మాడిపోయింది, మేము పడీ పడీ నవ్వాం. బట్టల అంగడాయన దీపం కదల్చనంటే కదల్చనన్నాడు. అక్కడ పట్టుపురుగులు ఆకు మేసే బొమ్మ నీళ్ళమజ్జిగలాగా వెలిసిపోయి, పురుగేదో ఆకేదో ఎవరికీ తెలియలేదు.

అక్కడే నాకు భయం పట్టుకుంది. మా అంగడి ఒంటిగది. తెరగా తాతది ఉతికిన పంచె కట్టారు గానీ, ఖాళీ ఉన్న గోడ దేవుడి పటం పక్కదొక్కటే. దీపం వెలుగంతా పంచె మీదే పడుతోంది. బొమ్మలాయన మిషను సర్దుకుని, కన్నడంలో ఎంతో మర్యాదగానే, “దీప ఆరిసి స్వామీ” అని దీపం ఆర్పమన్నాడు. నాన్న తాతను చూశాడు, తాత అవ్వను చూశాడు. జీవితమంతా ఎదురుచూసిన మనిషి, పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్న మనిషి, ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

“వద్దప్పా. దీపం అట్లే ఉండనీ. సముద్రం లేకపోతే మానె,” అని లేవబోయింది. లేవడానికి నా భుజం పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మా అమ్మ నోరు విప్పింది. మామగారి ఎదుట ఏనాడూ మాట్లాడని కోడలు, మండికల్ నుంచి వచ్చిన ఇన్నేళ్ళలో అంత మందిలో గొంతు వినిపించని మనిషి, గోడతో చెబుతున్నట్లు అంది. “మా ఊర్లో గాలివానకు దీపం కుండలో పెడతారు. కుండను పండబెట్టి, లోపల దీపం పెట్టి, మూతి దేవుని పక్కకు తిప్పితే సరిపాయె. దేవునికి వెలుతురుంటాది, మనకు చీకటుంటాది.”

పెళ్ళిళ్ళకు అమ్మడానికని తెప్పించిన కొత్త కుండల్లో ఒకటి తాత తీసి, చుట్టకుదురు మీద పక్కకు పండబెట్టి, తన చేత్తోనే దీపాన్ని దాని కడుపులో దించాడు. పటంలో దేవుడి మొహం ఎర్రగా వెలుగుతూనే ఉంది, పంచె మీద మాత్రం చీకటి పడింది. బొమ్మలాయన మిషను పిడి తిప్పాడు.

సముద్రం వచ్చింది. రంగు లేదు, చప్పుడు లేదు, పంచె ముడతల్లో ముడతగా అల మీద అల. ముందు వరస పిల్లలు తడుస్తామని కాళ్ళు ముడుచుకున్నారు. అవ్వ ఎప్పుడు లేచిందో, అంగడి డబ్బాల్లోంచి పిడికెడు పసుపు, పిడికెడు కుంకుమ ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు. తెరకు ఎదురుగా నిలబడి, తన నీడ అలల మధ్య పడుతుంటే, సముద్రుడి మీద రెండూ చల్లి దండం పెట్టింది. అయ్యో పంచె అని నాన్న అనేలోపే ఇంకో నలుగురు ఆడవాళ్ళు లేచి తలా ఒక పిడికెడు చల్లారు. చిన్నాన్న టెంకాయ కొట్టాడు. చిప్ప ఎగిరి బొమ్మలాయన ఒళ్ళో పడింది. జనం ఈలలు, నవ్వులు. ఇంత గోలలో రీలు కాస్తా అయిపోయింది. “అంతేనా? ఇంగొక తూరి వెయ్యప్పా, ఆ పక్క కట్ట చూసుకోలేదు,” అంది అవ్వ. ఆయన నవ్వుతూ మళ్ళీ వేశాడు. ఈసారి మా సముద్రం పసుపు మరకలతో, కుంకుమ చారలతో కదిలింది. ఆ పక్క కట్ట లేదని అవ్వ తన కళ్ళతో చూసుకుంది.

మొక్కు తీరిపోయింది వదలండని చిన్నాన్న వేళాకోళమాడితే, తాత మాత్రం నవ్వకుండా, చూస్తే దర్శనమవుతుంది గానీ స్నానం కాదురా అన్నాడు. ఎంత పాషాణపు మాట అనుకున్నాను. అవ్వ మెల్లగా గడప దాటి, పట్టుచీరతోనే పోయి అంగడి చూరు కింద నిలబడింది. తుంపర కాస్తా వానైంది. చూరు నీళ్ళు ధారగా ఆమె నెత్తిన పడుతున్నాయి. బజారు బజారంతా చూస్తోంది. తాత గడపలో ఒక్క నిమిషం నిలబడి, ఆ తరువాత తానూ వానలోకి దిగి, ఆమె పక్కన నిలిచి, గుడిలో చెప్పే గొంతుతోనే స్నానసంకల్పం చెప్పడం మొదలుపెట్టాడు. నలుగురిలో భార్య వైపు తలెత్తి చూడని మనిషి ఆయన. సంకల్పంలో నాన్న పేరు వచ్చినప్పుడు నాన్న తల తిప్పుకున్నాడు. అంతా అయ్యాక తాత, “తీరిందిలే, ఇంటికి పా” అన్నాడు. వాళ్ళిద్దరూ తడుస్తూ ముందు నడుస్తుంటే మేమంతా వెనక నడిచాం.

ఆ పంచె మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. తాత దాన్ని పారేయనివ్వలేదు, పండగలకు అదే కట్టేవాడు.

ఇప్పుడు సముద్రం ఎవరి జేబులో వాళ్ళకే ఉంది. మా మనవరాలు వేలితో పైకి తోస్తే సముద్రం పోయి ఇంకేదో వస్తుంది. మంచిదే, ఎవరూ అవ్వలాగా కాళ్ళు పట్టేసే దాకా ఎదురుచూడనక్కరలేదు. అయినా దాని ఎదుట లేచి నిలబడేవాళ్ళు లేరే అని ఒక్కోసారి దిగులేస్తుంది. పెళ్ళయ్యాక మా ఆయన నన్ను మద్రాసు తీసుకుపోయి నిజం సముద్రం చూపించాడు. ఎంత పెద్దదో, ఎంత నీలంగా ఉందో అని ఆయన మురిసిపోతుంటే, నేను మాత్రం అలల్లో ఎక్కడైనా కాస్త పసుపు కనబడుతుందేమోనని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.